పదిమందిలో పాము ఎందుకు చావదు? గుంపులో సాయం ఆగిపోవడం వెనుక ఉన్న లెక్కలు

రోడ్డు మీద ఎవరో పడి ఉంటారు. చుట్టూ పాతికమంది నిలబడి ఉంటారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటారు. సాయంత్రానికల్లా ఆ వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. కింద అందరిదీ ఒకటే తీర్పు: మానవత్వం చచ్చిపోయింది.

ఆ తీర్పులో ఒక చిక్కుంది. మనసు రాయైపోవడమే కారణమైతే మనిషి ఒంటరిగా ఉన్నా, గుంపులో ఉన్నా ఒకేలా ప్రవర్తించాలి. కానీ అలా జరగదు. ఒంటరిగా ఉన్నప్పుడు పరుగెత్తుకెళ్లే మనిషే పదిమంది మధ్య కదలకుండా నిలబడిపోతాడని ప్రయోగాలు మళ్లీ మళ్లీ చూపించాయి. 'పదిమందిలో పాము చావదు' అని మన పెద్దవాళ్లు ఏ ప్రయోగమూ చేయకుండానే తేల్చేశారు. ఎందుకు చావదన్న ప్రశ్నను మాత్రం మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లలో పట్టుకున్నారు. వాళ్లకు దొరికిన జవాబు ఒకటి కాదు, మూడు. ఆ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. మిగతా సగానికి కారణం, మన దేశంలో ఈ మూడింటితో సంబంధం లేని నాలుగో కారణం ఒకటి ఉండటం.

న్యూయార్క్‌లో మొదలైన కథ

ఈ చర్చకు పునాది 1964 మార్చి 13న న్యూయార్క్‌లో జరిగిన ఒక హత్య. క్వీన్స్ ప్రాంతంలోని క్యూ గార్డెన్స్‌లో తెల్లవారుజామున మూడు గంటలు దాటాక, పని ముగించుకుని ఇంటికి వస్తున్న కిటీ జెనోవీస్ అనే 28 ఏళ్ల యువతి మీద ఒక దుండగుడు కత్తితో దాడి చేశాడు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఒక కథనం వచ్చింది. మర్యాదస్తులైన 38 మంది పౌరులు అరగంటకు పైగా కిటికీల్లోంచి ఆ హత్యను చూస్తూ ఉండిపోయారనీ, హత్య జరుగుతున్నంతసేపూ ఒక్కరు కూడా పోలీసులకు ఫోన్ చేయలేదనీ దాని సారాంశం. అమెరికా అంతా ఉలిక్కిపడింది. నగరాలు మనుషుల్ని రాళ్లను చేస్తున్నాయని సంపాదకీయాలు వచ్చాయి.

ఆ కథనంలో చాలా భాగం తప్పు. అందులో రాసినట్టు దాడులు మూడు కాదు, రెండు. రెండోది భవనం వెనక, మెట్ల దగ్గర జరిగింది. అక్కడ ఏం జరుగుతోందో ఎదురు భవనంలోని కిటికీలకు కనిపించే వీలే లేదు. మొదటి దాడి సమయంలో ఒకాయన కిటికీలోంచి గట్టిగా అరిచాడు, దుండగుడు పారిపోయాడు. చూసినవాళ్లలో చాలామంది ఏదో తాగుబోతుల గొడవనో, మొగుడూ పెళ్లాల తగాదా అనో అనుకున్నారు. చివరి క్షణాల్లో ఒక పొరుగామె కిందికి పరుగెత్తుకొచ్చి కిటీని చేతుల్లోకి తీసుకుంది. 38 మంది కళ్లప్పగించి చూశారనడానికి ఆధారాలు లేవని 2007లో మానింగ్, లెవీన్, కాలిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు కోర్టు రికార్డుల సాయంతో చూపించారు. హంతకుడు 2016లో జైల్లో చనిపోయినప్పుడు అదే పత్రిక తన పాత కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది.

అలాగని అక్కడ అందరూ నిర్దోషులని కాదు. ఆ భవనంలోనే ఉంటున్న ఒకాయన తలుపు తీసి, దాడిని కళ్లారా చూసి, తలుపు మూసుకున్నాడు. ముందు స్నేహితుడికి ఫోన్ చేసి ఏం చేయాలని అడిగాడు. పోలీసులకు చేసింది ఆ తర్వాతే. అప్పటికి న్యూయార్క్‌లో అత్యవసర నంబరు 911 లేదు, అది 1968లో వచ్చింది. ఎవరికి ఫోన్ చేయాలి, చేస్తే నీ పేరేంటి, నీకెలా తెలుసు అన్న ప్రశ్నలకు ఏం చెప్పాలి అన్న భయం జనంలో ఉండేది. ఈ చివరి విషయం గుర్తుంచుకోవాల్సింది, మన దగ్గరికి వచ్చేసరికి ఇదే అసలు కథ అవుతుంది.

కథనం తప్పైనా దాన్నుంచి పుట్టిన ప్రశ్న మాత్రం మంచిది. జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు యువ ప్రొఫెసర్లు దాన్ని తిరగేసి అడిగారు. అంతమంది ఉండి కూడా ఎందుకు సాయం చేయలేదు అనడానికి బదులు, అంతమంది ఉండబట్టే సాయం చేయలేదేమో అన్నారు.

మొదటి కారణం: బాధ్యత పంచితే పలచనవుతుంది

1968లో వాళ్లు అచ్చువేసిన ప్రయోగం ఇలా సాగింది. న్యూయార్క్ యూనివర్సిటీ విద్యార్థిని ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెడతారు. కాలేజీ జీవితంలో ఉండే కష్టాల గురించి ఇతర విద్యార్థులతో ఇంటర్‌కమ్‌లో మాట్లాడాలి. సిగ్గుపడకుండా మాట్లాడటానికే ఎవరి గది వాళ్లకు అని చెప్తారు. మాట్లాడేవాళ్లలో ఒకడు, తనకు అప్పుడప్పుడు మూర్ఛ వస్తుందని ముందే చెప్తాడు. కాసేపటికి అతని మాట తడబడుతుంది, సాయం కావాలంటాడు, ఊపిరాడనట్టు శబ్దాలు వస్తాయి. నిజానికి అవన్నీ టేపులో రికార్డు చేసిన గొంతులే. గదిలో కూర్చున్న విద్యార్థికి ఆ సంగతి తెలియదు.

ప్రయోగంలో మార్చింది ఒక్కటే: ఇంకా ఎంతమంది వింటున్నారని ఆ విద్యార్థి అనుకుంటున్నాడు అన్నది. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది, అవతలి గొంతు ఆగిపోకముందే బయటికొచ్చి చెప్పారు. తనతో పాటు ఇంకొకరు వింటున్నారు అనుకుంటే 62 శాతం. ఇంకో నలుగురు వింటున్నారు అనుకుంటే 31 శాతం.

ఇక్కడ ఎవరూ ఎవరికీ కనపడరు. అవతలివాళ్లు ఏం చేస్తున్నారో తెలిసే దారి లేదు. కాబట్టి చూసి అనుకరించారనడానికి వీల్లేదు. తేడా అంతా ఒక ఊహలోనే ఉంది: ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దీన్నే బాధ్యత చెదిరిపోవడం అంటారు. ఒక్కడే ఉంటే పని చేయకపోతే వచ్చే తప్పంతా అతనిదే. ఐదుగురుంటే ఐదో వంతు.

కదలని విద్యార్థులు నిర్లక్ష్యంగా కూర్చున్నారని అనుకుంటే పొరపాటు. పరిశోధకులు గదిలోకి వెళ్లేసరికి చాలామంది చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమటలు పట్టాయి. అతనికి ఎలా ఉంది, ఎవరైనా చూసుకుంటున్నారా అని వాళ్లే ముందు అడిగారు. వాళ్లు సాయం చేయకూడదని నిర్ణయించుకున్నవాళ్లు కాదు, ఏ నిర్ణయానికీ రాలేక టెన్షన్‌తో ఇరుక్కుపోయినవాళ్లు. ఈ వివరం పాఠ్యపుస్తకాల్లో శాతాల కింద కనపడకుండా పోతుంది గానీ, నా దృష్టిలో మొత్తం ప్రయోగంలో విలువైనది ఇదే.

ఇప్పుడు చిన్న లెక్క. ఐదుగురు సాక్షుల్లో ఒక్కొక్కరు చెప్పే అవకాశం 31 శాతమే అనుకుందాం. బాధితుడికి అసలు సాయం అందే అవకాశం ఎంత? ఒకరు చెప్పకపోయే అవకాశం 69 శాతం. ఐదుగురూ చెప్పకపోవాలంటే 0.69ని ఐదుసార్లు గుణించాలి, దాదాపు 0.16 వస్తుంది. అంటే కనీసం ఒక్కరైనా చెప్పే అవకాశం 84 శాతం. ఒంటరి సాక్షి ఉన్నప్పుడు అది 85. రెండూ దాదాపు సమానం!

కాబట్టి 'గుంపులో ఉంటే సాయం అందదు' అన్న మాట ఈ ప్రయోగం నుంచి రాదు. 'గుంపులో ఒక్కో మనిషి సాయం చేసే అవకాశం తగ్గుతుంది' అన్నది మాత్రమే వస్తుంది. రెండూ వేరు వేరు వాక్యాలు. వార్తల్లో, యూట్యూబ్ వీడియోల్లో రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని చెప్పేస్తుంటారు. అయితే గుంపు వల్ల లాభం కూడా కలగలేదన్నది మరిచిపోకూడదు. ఆ ఐదుగురూ ఒంటరిగా ఉన్నప్పటిలాగే స్పందించి ఉంటే ఎవరో ఒకరు కదలడం దాదాపు నూటికి నూరు పాళ్లు ఖాయమయ్యేది. అదనంగా ఉన్న నలుగురూ ఉండి కూడా లేనట్టే అయ్యారు.

రెండో కారణం: అవతలివాడి మొహం చూసి తెలుసుకోవడం

అదే ఏడాది వాళ్లిద్దరూ కొలంబియా యూనివర్సిటీలో చేసిన ఇంకో ప్రయోగంలో లెక్క పూర్తిగా మారిపోయింది. ఒక గదిలో కూర్చుని ఫారాలు నింపుతుంటే గోడలోని కన్నంలోంచి తెల్లటి పొగ లోపలికి వస్తుంది. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం లేచి బయటికెళ్లి చెప్పారు. గదిలో ఉన్న మిగతా ఇద్దరూ పరిశోధకుల మనుషులై, పొగను ఒకసారి చూసి భుజాలెగరేసి మళ్లీ ఫారంలో తల దూర్చితే, పదిమందిలో ఒక్కరే చెప్పారు. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, పొగను చేత్తో తోలుకుంటూ ఫారాలు నింపారు.

ముగ్గురూ ఏమీ తెలియని మామూలు విద్యార్థులే అయితే? ఒక్కొక్కరు లేచే అవకాశం 75 శాతం కాబట్టి, ముగ్గురిలో ఎవరో ఒకరు లేచే అవకాశం 98 శాతం ఉండాలి. ఎనిమిది గుంపుల్లో మూడింటిలోనే ఎవరో ఒకరు లేచారు, 38 శాతం. ఇంటర్‌కమ్ ప్రయోగంలో గుంపు ఉన్నా లేకున్నా ఒకటే అయింది. ఇక్కడ గుంపు నిజంగానే నష్టం చేసింది. ఒంటరిగా ఉంటేనే నయం.

తేడా ఎక్కడ? ఇక్కడ ఒకరి మొహం ఒకరికి కనిపిస్తోంది. పొగ చూడగానే ప్రతివాడికీ లోపల అనుమానం వస్తుంది. కానీ నలుగురిలో కంగారుపడినట్టు కనపడటం ఇష్టముండదు, పైకి మామూలుగా ఉండి పక్కవాళ్లేమంటారో ఓరకంట చూస్తాడు. పక్కవాళ్లూ సరిగ్గా అదే పని చేస్తున్నారు. అందరి మొహాలూ నిశ్చింతగా ఉన్నాయి కాబట్టి ప్రమాదమేమీ లేదన్నమాట అని అందరూ అనుకుంటారు. లోపల అందరికీ అనుమానమే, బయట అందరికీ ధీమానే. దీన్ని ఉమ్మడి అపోహ అనొచ్చు. తర్వాత అడిగితే, కదలని విద్యార్థులు భయపడ్డాం కానీ ఊరుకున్నాం అనలేదు. అది ఆవిరి అనుకున్నామన్నారు, ఏసీ లోంచి వచ్చిందనుకున్నామన్నారు. ఇద్దరు మాత్రం, నిజాలు చెప్పించే గ్యాసేమో అనుకున్నామన్నారు. గుంపు వాళ్ల ధైర్యాన్ని కాదు, కంటికి కనిపిస్తున్నదానికి అర్థాన్నే మార్చేసింది.

ఇది ప్రాణాపాయాల్లోనే జరిగేది కాదు. ఇంటర్ క్లాసులో లెక్చరర్ ఒక లెక్క చేసి 'అర్థమైందా?' అంటారు. అరవైమందిలో యాభైమందికి అర్థం కాలేదు. ప్రతివాడూ చుట్టూ చూస్తాడు, ఒక్క చెయ్యీ లేవలేదు, అంటే నాకొక్కడికే అర్థం కాలేదన్నమాట అనుకుని తనూ ఊరుకుంటాడు. లెక్చరర్ బోర్డు తుడిచేస్తారు. పరీక్షలో అందరూ అదే లెక్క దగ్గర ఆగిపోతారు.

మూడో కారణం దీన్ని అంటిపెట్టుకునే ఉంటుంది: నవ్వులపాలవుతామన్న భయం. పడిపోయినతను తాగి పడ్డాడేమో, మనం హడావుడిగా వెళ్లి లేపితే తిడతాడేమో. భార్యాభర్తల గొడవలో తలదూర్చి, ఇద్దరి చేతా మాటలు పడతామేమో. ఒంటరిగా పొరపాటు పడితే అది మనకొక్కరికే తెలుస్తుంది. నలుగురిలో అయితే వాళ్లందరూ చూస్తారు. ఈ మూడో కారణానికి పెద్ద వివరణ అక్కర్లేదు, 'నలుగురూ ఏమనుకుంటారో' అన్న మాట వింటూనే పెరిగాం.

మూడూ కలిసి పని చేయడం చూడాలంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చాలు. గేటు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నిప్పురవ్వలు వస్తున్నాయని ఒకరు రాత్రి పూట ఫొటో పెడతారు. గ్రూపులో 120 మంది. బ్లూ టిక్కులు పడుతుంటాయి. ఎవరో దణ్ణం ఎమోజీ పెడతారు. 'ఎప్పుడూ ఇంతే' అని ఇంకొకరు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఎవరో ఈపాటికి ఫోన్ చేసే ఉంటారన్నది బాధ్యత చెదరడం. ఎవరూ కంగారు పడట్లేదు కాబట్టి పెద్దదేం కాదనుకోవడం ఉమ్మడి అపోహ. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లం, మనం ముందు మాట్లాడితే బాగుండదు అనుకోవడం మూడోది. అదే ఫొటో కింద ఒకరు '204 రవిగారూ, మీరు 1912కి చేస్తారా?' అని రాస్తే మొదటి కారణం ఆ క్షణంలోనే మాయమవుతుంది. బాధ్యతకు ఒక పేరు, ఒక ఫ్లాట్ నంబరు వచ్చేశాయి.

ప్రయోగశాల బయట ఏం తేలింది

ఇంతవరకూ చెప్పినవన్నీ గదుల్లో, కల్పించిన సన్నివేశాలతో చేసినవి. బయట ప్రపంచం దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందన్న దగ్గర పండితుల్లో నిజమైన విభేదాలున్నాయి.

1969లో అచ్చయిన ఒక అధ్యయనం న్యూయార్క్ సబ్‌వే రైల్లో జరిగింది. రెండు స్టేషన్ల మధ్య ఏడున్నర నిమిషాల పాటు ఆగకుండా పోయే రైల్లో ఒక మనిషి కూలిపోతాడు. చేతిలో ఊతకర్ర ఉంటే 65 సార్లలో 62 సార్లు ఎవరో ఒకరు తమంతట తామే వచ్చి లేపారు. మద్యం వాసన వస్తూ, చేతిలో సీసా ఉంటే 38 సార్లలో 19 సార్లే. పెట్టెలో జనం ఎక్కువైనంత మాత్రాన సాయం తగ్గలేదు. రైల్లోంచి దిగిపోయే దారి లేదు. కళ్లముందే పడ్డాడు కాబట్టి ఏం జరిగిందన్న అనుమానం లేదు. పొగలా అర్థం కాని విషయమైతే ఒక సంగతి, కర్ర పట్టుకున్న మనిషి కూలిపోవడం ఇంకో సంగతి. గుంపుకున్న బలం చాలావరకు అనుమానం మీద బతుకుతుంది.

దీనికంటే గట్టి దెబ్బ ఇటీవలిది. రిచర్డ్ ఫిల్పాట్ బృందం ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, బ్రిటన్‌లోని లంకాస్టర్ నగరాల సీసీటీవీ కెమెరాల్లో నమోదైన 219 వీధి గొడవలను కూర్చుని చూసింది. ఇవి నటన కాదు, నిజం కొట్లాటలు. పదింట తొమ్మిది సందర్భాల్లో చుట్టూ ఉన్నవాళ్లలో కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. జనం ఎక్కువ ఉన్న కొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది, తగ్గలేదు. 2019లో ఈ ఫలితాలు వచ్చాక, బైస్టాండర్ ఎఫెక్ట్ (చుట్టూ జనం ఉంటే సాయం తగ్గుతుందన్న ఈ సిద్ధాంతానికి ఇంగ్లీషు పేరు) అన్నదే బూటకమని కొన్ని పత్రికలు రాసేశాయి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. పైన వేసిన లెక్క గుర్తుంటే రెండూ ఎలా ఇమిడిపోతాయో కనిపిస్తుంది. డార్లీ, లటానే కొలిచింది ప్రధానంగా ఒక్కో మనిషి చేసే అవకాశాన్ని. ఫిల్పాట్ కొలిచింది బాధితుడికి అందే అవకాశాన్ని. ఒక్కో మనిషి వెనక్కి తగ్గినా, మనుషులు చాలామంది ఉంటే ఎవరో ఒకరు దొరుకుతారు. పైగా కొట్లాట అనేది అనుమానానికి తావులేని విషయం. 2011లో పీటర్ ఫిషర్ తదితరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు కూడా ఇదే తేలింది: గుంపు ప్రభావం ఉంది, కానీ నిజంగా ప్రమాదకరమైన సందర్భాల్లో అది బలహీనపడుతుంది. అయితే రోడ్డు పక్కన కదలకుండా పడున్న మనిషి విషయంలో సీసీటీవీ అధ్యయనం మనకేమీ చెప్పదు. అతను నిద్రపోతున్నాడో, తాగాడో, గుండె ఆగిందో చూడగానే తెలియదు. అది పొగ నిండిన గదికి దగ్గర.

ఎవరు పక్కనున్నారు, ఎంత తొందరలో ఉన్నాం

గుంపు అంటే తలల లెక్క మాత్రమే కాదు. పక్క గదిలో ఒకామె కిందపడి మూలుగుతున్న శబ్దం వినిపించిన 1969 నాటి ప్రయోగంలో, అపరిచితులు జంటగా ఉన్నప్పుడు 40 శాతం జంటల నుంచే సాయం వచ్చింది. స్నేహితులు జంటగా ఉంటే 70 శాతం. స్నేహితుడితో అయితే 'ఏంట్రా ఆ చప్పుడు?' అని అడిగేయొచ్చు. ఆ ఒక్క మాటతో ఉమ్మడి అపోహ పగిలిపోతుంది. ఊళ్లలో ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టే సాయం ముందు అందుతుందన్న మాటకు ఇది కొంత బలమిస్తుంది. పల్లె మనుషుల మనసు పట్నం మనుషుల మనసు కంటే గొప్పదని మాత్రం కాదు.

2005లో మార్క్ లెవీన్ బృందం ఇంకో మెలిక చూపించింది. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల ముందు ఒకడు పరుగెత్తుతూ కాలు మెలికపడి పడతాడు. అతని ఒంటి మీద యునైటెడ్ చొక్కా ఉంటే దాదాపు అందరూ ఆగారు. బద్ధశత్రువైన లివర్‌పూల్ చొక్కా అయితే మూడో వంతు కూడా ఆగలేదు. మళ్లీ వేరేవాళ్లతో, ముందుగా 'ఫుట్‌బాల్ అభిమాని కావడం' గురించి మాట్లాడించి అదే చేస్తే, లివర్‌పూల్ చొక్కాకూ ఎక్కువమంది ఆగారు. మామూలు చొక్కావాడే అనాథ అయ్యాడు. 'మనవాడు' అన్న గీత ఎక్కడ గీసుకున్నామన్న దాన్ని బట్టి గుంపు సాయాన్ని ఆపనూ గలదు, పుట్టించనూ గలదు. హీరోల ఫ్యాన్స్ రక్తదాన శిబిరాలూ, థియేటర్ల దగ్గర ఫ్యాన్స్ కొట్లాటలూ రెండూ చూసిన మనకు ఇది కొత్తగా అనిపించకూడదు.

ఇక తొందర. 1973లో ప్రిన్స్‌టన్ క్రైస్తవ మత విద్యాలయంలో పాస్టర్లు కాబోతున్న 40 మందిని ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు. దారిలో ఒకతను గుమ్మం దగ్గర ఒరిగిపోయి దగ్గుతుంటాడు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో 10 శాతం ఆగారు. ఇంకా టైముందని చెప్తే 63 శాతం. వాళ్లలో కొందరు చేయబోతున్న ప్రసంగం బైబిల్లోని మంచి సమరయుడి కథ మీదే! దారిలో పడున్న గాయపడినవాణ్ణి ఆదుకున్న ఆ కథ బుర్రలో తిరుగుతున్నా పెద్ద తేడా రాలేదు. ఇక్కడ గుంపే లేదు. కాబట్టి సాయం అందని ప్రతి సందర్భాన్నీ గుంపు ఖాతాలో వేయడం కూడా తప్పే.

మన రోడ్ల మీద నాలుగో కారణం

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదం జరిగాక మొదటి గంటలో ఆసుపత్రికి చేరితే బతికే అవకాశం బాగా ఎక్కువ. అయినా జనం వెనకాడేది పైన చెప్పిన మూడు కారణాల వల్లేనా?

'మనకెందుకొచ్చిన గొడవ' అనేవాడిని ఆపి, ఏ గొడవ అని అడిగితే జవాబు చాలా స్పష్టంగా వస్తుంది. ఆసుపత్రిలో చేర్చినవాడినే డబ్బు కట్టమంటారు. నువ్వే గుద్దావా అని పోలీసులు అడుగుతారు. సాక్షి సంతకం పెట్టిస్తారు, తర్వాత కోర్టు వాయిదాలకు ఏళ్ల తరబడి తిరగాలి. ఇది అపోహ కాదు, అనుభవం నుంచి పుట్టిన లెక్క. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో చేయించిన సర్వేలో నలుగురిలో ముగ్గురు ప్రమాద బాధితుడికి సాయం చేయడానికి వెనకాడతామన్నారు. వాళ్లలో 88 శాతం మంది చెప్పిన కారణం పోలీసులు, కోర్టులతో వచ్చే చిక్కులే.

ఈ భయం గుంపులో పుట్టేది కాదు. ఒంటరిగా ఉన్నా ఉంటుంది, ఒంటరిగా ఉంటే ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే నువ్వే గుద్దావన్న అనుమానం వచ్చేది ఆ ఒక్కడి మీదే. అందుకే విజయవాడ హైవే మీద ఆగని కారునూ, న్యూయార్క్ ఇంటర్‌కమ్ ప్రయోగాన్నీ ఒకే పేరుతో పిలవడం నాకు సరైనదనిపించదు. మొదటిదానికి మందు చట్టం, పోలీసుల తీరు. రెండోదానికి ఆ మందు పనిచేయదు. అయితే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. పోలీసు భయంతో ఆగిన మొదటి ఇద్దర్ని చూసి, ఆ భయమేమీ లేని మూడోవాడు కూడా పెద్దగా ఏం కాలేదేమో అనుకుంటాడు.

చట్టం వైపు పని చాలానే జరిగింది. అత్యవసర చికిత్సకు పోలీసు లాంఛనాలు అడ్డు రాకూడదని, ప్రతి డాక్టరూ ముందు ప్రాణం నిలబెట్టాలని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. 108 సేవ 2005లో హైదరాబాద్‌లో మొదలయ్యాక, ఎవరికి ఫోన్ చేయాలన్న ప్రశ్న తెలుగు నేలమీద చాలావరకు తీరిపోయింది. సేవ్‌లైఫ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 మార్చి 30న, సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న కేంద్రం మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి సెక్షన్ 134ఏ చేర్చారు. 2020 సెప్టెంబరులో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం సాయం చేసినవాళ్లు పేరు, అడ్రసు చెప్పనక్కర్లేదు. సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదు. ఇష్టపడి ఉంటే వాళ్లకు వీలైన చోట, వీలైన సమయంలోనే ప్రశ్నించాలి. ఈ హక్కులన్నీ ప్రతి ఆసుపత్రీ ప్రవేశద్వారం దగ్గర హిందీ, ఇంగ్లీషులతో పాటు స్థానిక భాషలో రాసిపెట్టాలి. ఆ బోర్డు చదివిన గుర్తు మీలో ఎంతమందికి ఉందో మీరే చెప్పాలి.

2021లో కేంద్రం బహుమతి కూడా పెట్టింది. మొదటి గంటలో బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారికి 5,000 రూపాయలు. 2025లో దాన్ని 25,000 చేశారు. ఇందులో ఒక తమాషా ఉంది. చట్టం సాయం చేసినవాడిని నిర్వచిస్తూ, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా చేసినవాడు అంటుంది. అదే సర్కారు ఆ మనిషికే నగదు ఇస్తానంటోంది! ఆ డబ్బు తీసుకోవాలంటే పేరు, వివరాలు ఇవ్వక తప్పదు, జనం భయపడేది సరిగ్గా దానికే. బహుమతి కంటే ఆ బోర్డే ఎక్కువ పని చేస్తుందని నా అనుమానం. చట్టం మారిందని నాకు తెలిస్తే చాలదు, పక్కన నిలబడ్డవాళ్లకు కూడా తెలుసని నాకు తెలియాలి.

కాపాడే చట్టమా, శిక్షించే చట్టమా

కొన్ని దేశాలు ఇంకో దారి పట్టాయి. జర్మనీలో ప్రమాదంలో ఉన్న మనిషికి, తనకు ముప్పు లేకుండా చేయగలిగిన సాయం చేయకపోవడం నేరం. ఏడాది దాకా జైలు లేదా జరిమానా పడొచ్చు. 2016 అక్టోబరులో ఎస్సెన్ నగరంలో ఎనభై దాటిన ఒకాయన బ్యాంకు ఏటీఎం గదిలో కుప్పకూలాడు. నలుగురు కస్టమర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆయన్ను దాటుకుంటూ వెళ్లి డబ్బు తీసుకుని పోయారు. ఐదో మనిషి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. కొన్నాళ్లకు ఆయన చనిపోయాడు. కెమెరాలో అంతా ఉంది. ఇల్లు లేని వ్యక్తి ఎవరో పడుకున్నాడనుకున్నామన్నది నిందితుల వాదన. 2017లో కోర్టు ఆ వాదన ఒప్పుకోకుండా ముగ్గురికి వేల యూరోల జరిమానా వేసింది.

ఇలాంటి చట్టం కావాలనేవాళ్లు, 'ఎవరో చేస్తారులే' అన్న ఊహను చెడగొట్టాలంటే ప్రతి ఒక్కరి మీదా విడిగా బాధ్యత పెట్టాలంటారు. తర్కం గట్టిదే, అది సరిగ్గా మొదటి కారణం మీద కొడుతుంది. వద్దనేవాళ్లు, చూసి కూడా ఆగలేదన్న కేసు పడుతుందన్న భయంతో జనం అసలు ఆ దారినే రావడం మానేస్తారంటారు, ముఖ్యంగా పోలీసులంటే ఇప్పటికే భయమున్న చోట. ఎస్సెన్ కేసు ఇద్దరికీ ఇబ్బందే. అక్కడ చట్టం ఎప్పటినుంచో ఉంది, అయినా నలుగురు దాటుకుపోయారు. పైగా చుట్టూ గుంపేమీ లేదు. పనిచేసింది సబ్‌వే రైల్లో మద్యం సీసాతో పడ్డవాడి విషయంలో పనిచేసిందే: ఇలాంటివాడు ఇలాగే పడుంటాడులే అన్న తీర్మానం.

మన దేశంలో దారినపోయేవాడు సాయం చేసి తీరాలన్న సాధారణ చట్టమేదీ లేదు. హత్య, దోపిడీ లాంటి కొన్ని తీవ్రమైన నేరాల సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పాలన్న నిబంధన ఒకటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉంది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. మనం ఎంచుకున్నది శిక్షించే దారి కాదు, కాపాడే దారి. ఆ కాపుదల కూడా సెక్షన్ 134ఏ రాసిన మేరకే. అది మోటారు వాహన ప్రమాదాలకు సంబంధించింది. లారీ గుద్ది పడినవాణ్ణి ఆటోలో ఎక్కించుకుపోయినవాళ్లకు ఆ రక్షణ ఉంది. అదే బస్టాండులో గుండెనొప్పితో పడిపోయినవాణ్ణి అదే ఆటోలో తీసుకెళ్లినవాళ్ల గురించి ఆ సెక్షన్‌లో ఏమీ లేదు.